కొట్టింది వాడు కాదు, పన్ను

మా ఆయన నా మీద మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడు వీధి వీధంతా ఆయన పన్నుని తిట్టింది. ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నేనూ అనలేదు. పన్ను బాగుపడితే మనిషి బాగుపడతాడని ఆ వానాకాలమంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను.

మాది సోఫాల పని. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు. చెక్క బిగించడం, స్ప్రింగులు కట్టడం, గుడ్డ లాగి మేకులు కొట్టడం ఆయన పని. గుడ్డ కత్తిరించడం, మిషన్ మీద కుట్టడం నాది. ఇల్లు మా అత్తగారిది. ఆవిడ షెడ్డు గుమ్మంలో స్టూలేసుకుని మా ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తూ ఉంటుంది. మాకు ఒక్కగానొక్క కూతురు, పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉంది.

ఆయన్ని అందరూ మేకుల మేస్త్రి అంటారు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కోదాన్నీ తిప్పి, తల బయటికి వచ్చేలా ముందు పళ్ళ మధ్యకి తెస్తాడు. అయస్కాంతం సుత్తి మూతి దగ్గరికి తీసుకెళ్తే మేకు వచ్చి దానికి అంటుకుంటుంది. ఒక దెబ్బకి నిలబడుతుంది, రెండో దెబ్బకి దిగిపోతుంది. ఎడంచెయ్యి గుడ్డని లాగి పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇనుము ఒరుసుకుని పై రెండు పళ్ళ మధ్య సన్నటి గాడి పడింది. మేకుని పట్టి ఉంచేది ఆ గాడే. మిగతా షాపులన్నీ స్టేప్లర్ గన్నులు కొనుక్కున్నా ఈయన కొనలేదు. "గన్నుతో కొట్టేది అట్టపెట్టెలకి. కూర్చునే దానికి కాదు" అనేవాడు.

వానలు మొదలవుతాయనగా ఒక ముసలి సోఫా విప్పుతుంటే లోపలి స్ప్రింగు తాడు తెంపుకుని ఎగిరొచ్చి మూతి మీద కొట్టింది. టప్పుమని చప్పుడైంది. ఆయన వెనక్కి పడ్డాడు. లేచి ఉమ్మితే నెత్తురుతో పాటు పన్ను ముక్కలు పడ్డాయి. గాడి ఉన్న ఆ రెండు పళ్ళే. పై పెదవి రెండుగా చీలి వేలాడుతోంది. నేను వెల్వెట్ ముక్క అడ్డం పెట్టి నొక్కి పట్టుకున్నాను. ఎర్ర వెల్వెట్ కావడంతో ఎంత నెత్తురు పోయిందో తెలియలేదు.

పక్క వీధిలో పళ్ళ డాక్టరమ్మ ఉంది. పెదవి కుట్టింది, మిగిలిన మొదళ్ళు తీసేసింది.

"ఎముక గట్టిపడాలి. తర్వాత స్క్రూలు, వాటి మీద పళ్ళు. ఈ వానాకాలం అయ్యేదాకా పడుతుంది. తొందరపడకండి."

"వానాకాలం అయ్యేదాకా నేను పళ్ళు లేకుండా కూర్చుంటే పని ఎవరు చేస్తారమ్మా?" అన్నాడు ఆయన. పని అంటే మామూలు పని కాదు. పెద్ద వీధిలో సినిమా హాలు వానాకాలానికి మూసేసి కుర్చీలన్నీ కొత్తగా చేయిస్తున్నారు. ఆ ఆర్డరు మాకే వచ్చింది. పైగా డాక్టరమ్మ చెప్పిన ఖర్చు వినగానే మా అత్తగారు, "పళ్ళా, బంగారమా?" అని స్టూలు మీదనుంచి లేచి నిలబడింది.

అప్పుడు దిగాడు మా తమ్ముడు. వాడిని వీధిలో టూరిస్టు అంటారు. ఊరు కాని ఊరు జనాన్ని తిప్పుకు రావడం వాడి వ్యాపారం. ఈమధ్య గుంపుల్ని సరిహద్దు దాటించి పళ్ళు కట్టించుకు రావడం మొదలుపెట్టాడు.

"బావా, అక్కడైతే వారంలో అవగొట్టి పంపిస్తారు. రానుపోను, హోటలు, పళ్ళు, అన్నీ కలిపినా ఇక్కడయ్యేదాంట్లో సగం ఉండదు. హోటల్ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది."

"నాకు సముద్రం దేనికిరా బామ్మర్దీ? పళ్ళు కావాలి గాని."

"పళ్ళు కొంటే సముద్రం ఫ్రీ బావా."

"వాళ్ళ భాష నీకొచ్చా?" అన్నాను నేను.

"కావలసినంత వచ్చక్కా."

కావలసినంత అంటే అవును, సరే, ఎంత అన్న మూడు మాటలేనని తర్వాత తెలిసింది.

వారం తిరిగేసరికి ఆయన ఆటో దిగి నవ్వాడు. నేను ఠారెత్తిపోయాను. పైవరసంతా తెల్లగా, ఏకరీతిగా, కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది. మా అత్తగారు దగ్గరికెళ్ళి తొంగిచూసి, "ఒరేయ్, నా కొడుకు ఏడిరా?" అంది. అందరం నవ్వాం.

"వెయ్యాల్సినవి రెండే కదండీ? వరసంతా ఎందుకు మార్చారు?" అని అడిగాను.

"ఏమో. ఏదో చూపించారు, వీడు సరే అన్నాడు. సూది పొడిచారు. మెలకువ వచ్చేసరికి ఉన్న పళ్ళన్నీ చెక్కేసి పెట్టారు. పుల్లల్లా ఉన్నాయే. వాటి మీద ఇవి తొడిగారు. మధ్యలో రెండు స్క్రూలు."

"బాగున్న పళ్ళు చెక్కేశారా!"

"అన్నీ ఒకే రంగు రావాలి కదక్కా" అన్నాడు తమ్ముడు.

"నోట్లో మేకులు పెట్టుకుంటారని వాళ్ళకి చెప్పావా?"

"అదెలా చెప్తానే? నవ్విపోతారు. ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఓనరని చెప్పాను. ఎంత మర్యాద చేశారో అడుగు బావని."

మా ఆయన ఔనన్నట్టు తల ఊపాడు. ఆ మర్యాద ఆయనకీ నచ్చినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే మేకులు నోట్లో పోసుకున్నాడు. కొత్త పళ్ళ మధ్య సందు లేదు, గాడి లేదు. అద్దం మీద మేకు నిలబెట్టినట్టే ఉంది. ఒక్కటీ నిలవడం లేదు. ఒకటి జారి లోపలికే పోయింది. కళ్ళు తేలేశాడు. మా అత్తగారు అరటిపళ్ళ మీద అరటిపళ్ళు కుక్కి, రెండ్రోజులు మరుగుదొడ్డి వాకిట్లో కాపలా కాసి, చివరికి "వచ్చింది!" అని వీధంతా వినపడేలా కేకేసింది. అక్కడితో ఆగి ఉంటే మాకు నవ్వుకునే కథ ఒకటి మిగిలేది.

కానీ హాలు మేనేజరు రోజూ వచ్చి కుర్చీలు లెక్కపెడుతున్నాడు. "గన్ను తెచ్చుకో మేస్త్రీ, అయిపోతుంది" అన్నాడు ఒకరోజు. మా ఆయన మొహం మాడిపోయింది. లేచి వెళ్ళి, రంపానికి పదును పెట్టే మూడుపలకల ఆకురాయి తీసుకొచ్చాడు. గోడ అద్దం ముందు నిలబడి, పెదవి ఎత్తి పట్టుకుని, ఆ కొత్త పళ్ళని అరగదీయడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి గడ్డం మీద, చొక్కా మీద పడుతోంది. ఆ చప్పుడికి నా ఒళ్ళు జలదరించింది. "ఏమండీ, వద్దండీ" అంటూనే ఉన్నాను. గాడి పడింది. మేకు పెట్టి చూశాడు, నిలిచింది. ఆ మధ్యాహ్నం ఒక్కడే ఒక వరస కుర్చీలన్నీ కొట్టేశాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. మా అత్తగారు దిష్టి తగులుతుందని కొడుకుని లోపలికి పొమ్మంది.

నొప్పి ఎప్పుడు మొదలైందో ఆయన చెప్పలేదు. నేనే గమనించాను. మేకు తీసుకునేటప్పుడు కన్ను మూసేవాడు. చల్లనివి మానేశాడు, తర్వాత వేడివి మానేశాడు. నోట్లోంచి వాసన మొదలైంది. ఒక ఉదయం లేచేసరికి ఎడమ దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది.

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. పాలల్లో రొట్టె నానబెట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. ఒక గుక్క తాగాడో లేదో, గ్లాసు నా మొహాన కొట్టాడు. నేను ఏమైందండీ అనేలోపు చెంప మీద చెళ్ళుమంది. చెవిలో గుయ్యిమని మోత. కింద కూర్చుండిపోయాను. పాలు మెడ మీదుగా జాకెట్లోకి కారుతున్నాయి.

"కాల్చి చంపుదామనుకున్నావా?" అని అరిచి, రెండు చేతులతో దవడ పట్టుకుని కుర్చీల మధ్య గిరగిరా తిరిగాడు.

మా అత్తగారు వచ్చి నన్ను లేపి, కొంగుతో మొహం తుడిచింది. "కొట్టింది వాడు కాదమ్మాయ్, పన్ను. పన్ను నొప్పి రాక్షసి నొప్పి. మనసులో పెట్టుకోకు."

ఆ మాట వీధంతా తిరిగింది. కూరగాయలమ్మే ఆవిడ కూడా, "పాపం, మేస్త్రికి పన్నెలా ఉంది?" అని నా చెంప వంక చూస్తూ అడిగేది. కూతురు ఫోన్ చేసి, "నాన్న పన్నెలా ఉందమ్మా?" అంది. నా చెవి సంగతి అది అడగలేదు. నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే అత్తగారి మాట నాకు మందులా పనిచేసింది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన అరిచేవాడు, వస్తువులు విసిరేవాడు. అవి గోడకి తగిలేవి, నాకు తగిలేవి కావు. ఈ కొత్త మనిషి పన్నులోంచే పుట్టుకొచ్చి ఉంటాడని నమ్మాను. నమ్మకపోతే ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు.

డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే తీసి దీపం ముందు పెట్టి చూసింది.

"ఒక స్క్రూ బుగ్గ ఎముక వెనక ఉండే గుల్లలోకి దూసుకుపోయింది. చెక్కిన పళ్ళు లోపల చచ్చిపోయాయి. గాడి పెట్టిన చోట పగిలి కుళ్ళు లోపలికి దిగింది. ఎవరు అరగదీశారు దీన్ని?"

"నేనే" అన్నాడు ఆయన.

ఆవిడ ఎక్స్‌రే దించింది. "స్క్రూలు విప్పాలంటే ఏ కంపెనీవో తెలియాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో తాళంచెవి ఉంటుంది. నా దగ్గరున్నవేవీ పట్టవు. బలవంతంగా లాగితే దవడ విరుగుతుంది. వాళ్ళనే కనుక్కోండి. అప్పటిదాకా నేను ముట్టుకోను."

"ముట్టుకోవా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. లేచాడు. పక్కనున్న ఇనప స్టూలెత్తి కుర్చీ మీద వేలాడే దీపాన్ని ఒక్కటిచ్చాడు. గాజు ముక్కలు డాక్టరమ్మ జుట్టులో పడ్డాయి. రెండో దెబ్బ అద్దాల బీరువాకి. మూడోది ఎత్తేలోపు నేను స్టూలు పట్టుకు వేలాడాను. నన్నూ స్టూలునీ కలిపి విసిరేశాడు. గోడకి తగిలి నా మోచెయ్యి చెక్కుకుపోయింది. డాక్టరమ్మ పోలీసులకి ఫోన్ చెయ్యబోతే ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. "ఆయన అలాంటి మనిషి కాదమ్మా, నొప్పి" అన్నాను. మా అత్తగారి మాట నా నోట్లోకి ఎంత సులువుగా వచ్చిందో!

తమ్ముడు ఆ దేశం క్లినిక్కుకి ఫోన్ చేశాడు. ఫొటో పంపమన్నారు. పంపితే, గాడి చూసి, మీరే పాడుచేసుకున్నారు, మాకు సంబంధం లేదు, మళ్ళీ వస్తే కొత్తగా చేస్తాం అన్నారట. స్క్రూ ఏ కంపెనీదంటే ఆ డాక్టరు ఇప్పుడు మా దగ్గర లేడు అన్నారట. ఈ "అట"లన్నీ మా తమ్ముడు చెప్పినవే. అవతలి వాళ్ళు మాట్లాడిందాంట్లో వాడికి ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి.

ఆ తర్వాతి వారాలు నేను తలుచుకోను. తలుచుకోకపోయినా ఒకటి మాత్రం వేలి మీదే ఉంది. మిషన్ మీద కుడుతున్నాను. ఆయన వెనకనుంచి ఏదో అడిగాడు, మిషన్ చప్పుడులో వినపడలేదు. జుట్టు పట్టి తల ముందుకి గుద్దాడు. కాలు తొక్కుతూనే ఉంది, చూపుడువేలు సూది కిందికి పోయింది. సూది గోరులోంచి దిగి అవతలికి వచ్చింది. కేక రాలేదు నాకు. రెండో చేత్తో చక్రాన్ని నేనే మెల్లిగా వెనక్కి తిప్పి సూదిని పైకి లేపుకున్నాను. ఆయన అలాగే నిలబడి చూసి, దవడ మీద చెయ్యేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అత్తగారు పసుపు తెచ్చింది. "పాడు పన్ను" అంది.

అంత జరుగుతున్నా మా తమ్ముడికి బుద్ధి రాలేదు. ఒక మధ్యాహ్నం కొత్త చొక్కా వేసుకుని, నవ్వు మొహంతో వచ్చాడు.

"బావా, వచ్చే గుంపుతో నిన్ను ఫ్రీగా తీసుకెళ్తాను. ఖర్చంతా నాది. అంతా విప్పి కొత్తగా..."

"కూర్చో బామ్మర్దీ" అన్నాడు మా ఆయన. వారాల తర్వాత ఆయన గొంతు అంత మెత్తగా వినడం. నాకే ఆశ పుట్టింది.

తమ్ముడు హాలు కుర్చీ ఒకదాంట్లో కూర్చుని చేతులు రెండూ చెక్క చేతుల మీద వేశాడు. ఆయన వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోట్లో మేకులు పెట్టుకునే స్థితి లేదు, పిడికిట్లో పట్టుకున్నాడు.

"చొక్కా బాగుంది. ఎక్కడ కొన్నావు?"

"మొన్న ట్రిప్పులో బావా."

టక్, టక్. చొక్కా చేతి మడతని కుర్చీ చేతికి మేకేశాడు. తమ్ముడు నవ్వాడు, సరసమనుకున్నాడు. టక్, టక్. ఇంకొకటి. ముంజేతి పొడుగునా గుడ్డ లాగి లాగి, ఒంటికి తగలకుండా, సమానదూరంలో దిగగొడుతున్నాడు. సోఫా చేతికి కొట్టినట్టే ఎంతో పొందికగా కొట్టాడు. ఒకవైపయ్యాక రెండోవైపు మొదలుపెట్టాడు. తమ్ముడు లాక్కోబోయాడు, గుడ్డ చిరగలేదు.

"బావా, చాల్లే బావా. అక్కా, చెప్పవే!"

"భాషొచ్చన్నావుగా. సరే అన్నావుగా నా నోటికి. ఇప్పుడనరా సరే అని."

"బావా, నీ కాళ్ళు మొక్కుతా..."

"అనరా!"

"సరే" అన్నాడు వాడు ఏడుస్తూ.

తర్వాతి మేకు గుడ్డలోకి పోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోంచి చెక్కలోకి దిగింది. వాడు పెట్టిన కేకకి వాన చప్పుడు కూడా వినపడలేదు. ఆయన సుత్తి తిరగేసి వేళ్ళ మీద కొట్టాడు. ఎముక విరగడం విన్నాను. మళ్ళీ ఎత్తాడు. పట్టీలు బిగించే లావాటి చెక్క నా చేతికందింది. రెండు చేతులా ఎత్తి ఆయన మణికట్టు మీద బలంకొద్దీ కొట్టాను. సుత్తి ఎగిరి రేకుకి తగిలింది. ఆయన నా వైపు తిరిగాడు. ఇంకోటి భుజం మీద కొట్టాను. ఇంకోటి కూడా కొట్టి ఉండేదాన్నే, ఆయన కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

"నొప్పే... చచ్చిపోతున్నానే... నా తల తీసెయ్యవే" అని నా కాళ్ళు చుట్టేసుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. నేను చెక్క పారేసి ఆయన తల పట్టుకుని ఏడ్చాను. వెనక తమ్ముడు కుర్చీకి అతుక్కుని ఏడుస్తున్నాడు. అత్తగారు మేకులు పీకే కొంకి తీసుకుని ఒక్కోటీ పీకుతోంది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆవిడ కొత్త దీపం బిగించుకుంటోంది. నన్ను చూసి తలుపేసుకుంటుందనుకున్నాను. నా వేలి కట్టు చూసింది, మోచెయ్యి చూసింది. పెద్దాసుపత్రిలో దవడల ఆపరేషన్లు చేసే డాక్టరుకి తనే ఫోన్ చేసి, తనే వెంట వచ్చింది. అక్కడ ఎముక కోసి స్క్రూలు తీశారు. చచ్చిన పళ్ళన్నీ పీకేశారు. పైవరసలో ఒక్కటి మిగల్లేదు. చీము ఒక గిన్నెడు వచ్చిందని, ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే తలకెక్కేదని చెప్పారు. తమ్ముడి వేళ్ళకి కడ్డీలు వేశారు. పోలీసులు అడిగితే వాడు కుర్చీ తన చేతి మీద పడిందని చెప్పాడు. వాడికి వాడి భయాలు.

ఇంటికొచ్చాక ఆయన పగలూ రాత్రీ నిద్రపోయాడు. వాపు తగ్గింది. పై పెదవి లోపలికి పోయి, మొహం ముసలితనంగా మారింది. ఒకరోజు లేచి గోడకానుకుని, "నొప్పి లేదే" అన్నాడు. నమ్మలేనట్టు దవడ నొక్కి నొక్కి చూసుకున్నాడు. నా వేలు తీసుకుని నల్లబడిన గోరు మీద ముద్దు పెట్టాడు. "నేను కాదే అది."

"తెలుసండీ" అన్నాను. నాకప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గండం గడిచింది, మా ఆయన మాకు దక్కాడు అనుకున్నాను.

డాక్టరమ్మ పెట్టుడు పళ్ళ సెట్టు చేసి ఇచ్చింది. తినేటప్పుడు పెట్టుకునేవాడు, పనిలో ఒరుసుకుంటుందని గ్లాసు నీళ్ళలో వేసి అలమరలో పెట్టేవాడు. మేకుల రోజులు అయిపోయాయని ఆయనే గన్ను కొన్నాడు. మొదటిరోజు దాన్ని పట్టుకుని, "ఇక నేనూ అట్టపెట్టెల మేస్త్రినే" అని నవ్వాడు. హాలు పని పూర్తయింది. ప్రారంభం రోజు మేనేజరు పిలిస్తే ముగ్గురం వెళ్ళి, మేం చేసిన కుర్చీల్లోనే కూర్చుని సినిమా చూశాం. అత్తగారు సినిమా చూడలేదు, సీటు తడుముతూ కూర్చుంది. వానలు వెనక్కి తగ్గాయి. వీధిలో వాళ్ళు పన్ను సంగతి అడగడం మానేశారు.

అలా ఒక పగటిపూట. ఎండ కాస్తోంది. పెళ్ళి సోఫా ఒకటి చేస్తున్నాం, నీలం వెల్వెట్. వెల్వెట్‌కి నూగు ఒకవైపుకి వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే వాలులో కుట్టకపోతే ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. వేలు ఇంకా సరిగ్గా వంగక, నేను ఒక ముక్క తిరగేసి కుట్టాను. ఆయన దాన్ని సీటు మీద పరిచి చూశాడు. మంచి హుషారులో ఉన్నాడు, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పాట ఆపలేదు. ముక్క పట్టుకుని నా దగ్గరికి నడిచొచ్చాడు, చూపించాడు, "ఇది ఏ వాలు?" అన్నాడు. నేను చూసేలోపు లాగి చెంప మీద కొట్టాడు. అరుపు లేదు, తిట్టు లేదు. ముక్క నా ఒళ్ళో పడేసి, గన్ను తీసుకుని పనిలో కూర్చున్నాడు.

నేను కదల్లేదు. పాట వింటూ కూర్చున్నాను. ఇంతకాలం దేనికోసం కాచుకుని కూర్చున్నానో అది రాదని, అసలది ఎక్కడికీ పోలేదని ఆ కూర్చోవడంలో నాకు తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది.

గుమ్మంలో స్టూలు కిర్రుమంది. ఆయన తలెత్తి చూశాడు. వాళ్ళమ్మ ఇటే చూస్తోంది. పాట ఆగింది. ఆయన చెయ్యి మెల్లిగా పైకి లేచి ఎడమ బుగ్గ మీదికి వెళ్ళింది. మొహం ముడుచుకున్నాడు.

"నొప్పమ్మా" అన్నాడు. "మళ్ళీ మొదలైనట్టుంది."

మా అత్తగారు లేచింది. అలమర దగ్గరికి నడిచి, నీళ్ళ గ్లాసు తీసి, ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది. పెట్టుడు సెట్టు అందులో ఇంకా ఊగుతోంది.

"ఏ పన్నురా?" అంది.

ఆయన గ్లాసు వంక చూశాడు.

నేను లేచి లోపలికి వెళ్ళి ఆయన బట్టలు సంచీలో కుక్కి, తెచ్చి గన్ను పక్కన పెట్టాను. "లేవండి" అన్నాను. "ఎక్కడికి వెళ్తారో నాకు తెలీదు. చీకటిపడేలోగా వెళ్ళాలి."

"పిచ్చెక్కిందా నీకు? అమ్మా, చూడవే దీన్ని. నొప్పిలో ఏదో..."

"మీ నాన్నకి కడుపులో పుండు" అంది మా అత్తగారు. ఆ సంగతి నేను పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. మామగారు మంచివాడు, పాపం కడుపులో పుండు, అందుకే కోపం అని. "అందరికీ నేనే చెప్పాను. పక్కింటివాళ్ళకి చెప్పాను, నీకు చెప్పాను. నా చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రిలో కూడా అదే చెప్పాను."

ఆవిడ స్టూలు మీద కూర్చోలేదు, నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఏ డాక్టరూ చూడలేదురా ఆ పుండుని" అంది.